మనోవ్యాధికి మందు లేదా?

"మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పిపోయారు. ఊళ్ళో ఎవరికి ఏ దిగులు పట్టుకున్నా ఈ సామెత ఒకటి అనేసి, తువ్వాలు దులుపుకొని లేచిపోవడం మనకు అలవాటయింది. ఈ సామెత తప్పు అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. అది తప్పని తెలుసుకోవడానికి మాకు ఒక మనిషి ప్రాణం ఖరీదయింది. కనుక ముందుగా మా తప్పుతోనే మొదలుపెడతాము.

మా సంఘం గ్రామ కమిటీ ఒకదానిలో ఒక కౌలు రైతు సభ్యుడుగా ఉండేవాడు. అర ఎకరం సొంతం, నాలుగెకరాలు కౌలు. పత్తి వేసేవాడు. తన చేలో పని లేని రోజున ఆలుమగలిద్దరూ కూలికి పోయేవారు. ఊరేగింపు అంటే జెండా పట్టుకొని ముందు నడిచే మనిషి. ఒక ఏడు పత్తి తీసే వేళకు వాన పట్టుకొని చేను నల్లబడింది. కౌలు డబ్బు ముందే కట్టి ఉన్నాడు. ఎరువుల దుకాణంలో ఒక అప్పు, ఊరి షావుకారు దగ్గర మరొకటి, భార్య పేర గ్రూపు అప్పు ఇంకొకటి. ఆయన మీటింగులకు రావడం మానేశాడు. ఇప్పుడు మినిట్స్ పుస్తకం తీసి చూస్తే, వరసగా మూడు సమావేశాల్లో ఆయన పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని మా చేత్తోనే రాసి ఉంది. నాలుగో సమావేశంలో రాసింది ఆయనకు సంతాప తీర్మానం.

ఆ తరువాత మేము చేయవలసిందంతా చేశాము. తహసీల్దారు కార్యాలయం ముందు ధర్నా చేశాము, వినతిపత్రం ఇచ్చాము, పత్రికలకు ప్రకటన ఇచ్చాము. దినాల నాడు ఆయన భార్య మాతో ఒక మాట అన్నది: "అన్నా, చచ్చినంక ఇంతమంది వచ్చిండ్రు. రెండు నెలలు ఆయన కంటికి కునుకు లేదు. అన్నం ముద్ద నోట్లె పెట్టలే. అప్పుడు మీలో ఒక్కలన్న వచ్చి ఏందే నీ రంది అని అడిగితే కాకపోవునా?" ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఈనాటికీ లేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో రైతులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. 2023లో మొత్తం 10,786 మంది. రైతులు 4,690, కూలీలు 6,096. అంటే మొత్తం మీద కాస్త తగ్గినా, కూలీలు తగ్గలేదు. రైతు ఆత్మహత్యల మీద సభలు జరుగుతాయి, జరగాలి కూడా. కాని కూలి చస్తే అది 'కుటుంబ కలహం' అనో, 'కడుపునొప్పి' అనో పోలీసు కాగితంలో ఒక ముక్కతో ముగిసిపోతుంది.

ప్రభుత్వాల సాయం సంగతి చూడండి. 2004లో వచ్చిన 421 జీవో అయినా, ఆ పరిహారాన్ని 6 లక్షలకు పెంచుతూ 2015లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 194 జీవో అయినా రైతు కుటుంబం కోసం వచ్చినవే. 2018లో పెట్టిన రైతు బీమా పట్టాదారుకే వర్తించేటట్టు గీత గీసి పెట్టారు. కౌలు రైతు తన అప్పును, తన కౌలును కాగితం మీద రుజువు చేసుకోవాలి. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది? ఇక కూలికి పొలమూ లేదు, పాసు పుస్తకమూ లేదు, పరిహారమూ లేదు. బతికుండగా ఎవరి లెక్కలోకీ రాని మనిషి చచ్చిన తరువాత కూడా లెక్కలోకి రావడం లేదు.

రెండు పొరపాటు వాదనలు

ఈ విషయం మాట్లాడబోతే రెండు వైపుల నుంచి అడ్డు తగులుతుంది.

ఒక వైపు వారు, ఇదంతా మనోబలం లేకపోవడం వల్ల వచ్చిందనీ, రైతులకు కౌన్సెలింగ్ ఇస్తే చాలుననీ అంటారు. గిట్టుబాటు ధర ఇవ్వరు, నకిలీ విత్తనం అమ్మినవాణ్ణి పట్టుకోరు, కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఇప్పించరు. నూటికి మూడు రూపాయల వడ్డీ కింద నలిగిపోతున్న మనిషిని కూర్చోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చుకో, మంచి ఆలోచనలు చేయి అంటారు. ఇది గాయం చేసిన చేతిని వదిలిపెట్టి గాయపడ్డవాణ్ణి తప్పుపట్టడమే. దీన్ని మేము ఒప్పుకోము.

రెండో వైపు ఉన్నది మనవాళ్ళే. రోగమంతా దోపిడీలో ఉంది, దోపిడీ పోతే దిగులూ పోతుంది, అందాకా ఈ మానసిక ఆరోగ్యం మాటలు మధ్యతరగతి వారి ముచ్చట్లు అంటారు. మేము కూడా చాలా ఏళ్ళు ఇలాగే అన్నాము. కాని క్షయ ఎందుకు వస్తుంది? ఇరుకు ఇల్లు, చాలీచాలని తిండి వల్ల వస్తుంది. అందుకని క్షయ వచ్చినవాడికి మందు ఇవ్వకుండా, వ్యవస్థ మారిన తరువాత చూద్దాం అంటామా? మందూ ఇప్పిస్తాము, కూలి రేటు కోసమూ పోరాడతాము. దీనికీ అంతే. అప్పు వల్ల పుట్టిన రంది కొన్నాళ్ళు ముదిరితే అది జబ్బు రూపం తీసుకుంటుంది. అప్పుడు అప్పు తీరినా మనిషి లేవలేడు. పైగా అప్పు లేని ఇంట్లో కూడా ఈ జబ్బు వస్తుంది. బాలింతకు వస్తుంది, పెళ్ళికాని కుర్రవాడికి వస్తుంది, పిల్లలు వలసపోగా ఒంటరిగా మిగిలిన ముసలవ్వకు వస్తుంది.

మన భాషలో దీనికి పేర్లు లేక కాదు. తెలంగాణలో రంది అంటారు, మనాది అంటారు. కోస్తాలో దిగులు, బెంగ అంటారు. పేర్లు అన్నీ ఉన్నాయి. దీన్ని వైద్యం చేయించవలసిన జబ్బుగా చూసే చదువే మనకు అందలేదు.

చదువు అంటే ఏ చదువు?

చదువు ఏం చేయగలదో మన ఆంధ్ర దేశంలోనే ఒక దాఖలా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో దూబగుంట ఆడవాళ్ళు సారా వల్ల కొంపలు ఎట్లా కూలుతున్నాయో పాఠంగా చదువుకున్నారు. అప్పటిదాకా ప్రతి ఆడమనిషీ అది తన కర్మ అనుకొని తలుపు వేసుకొని ఏడ్చింది. పదిమందీ ఒకచోట కూర్చొని చదివేసరికి అందరి ఇంట్లోనూ అదే ఏడుపు అని తేలింది. ఆ తరువాత వారు సారా దుకాణాలకు తాళం వేయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. ఎవరికి వారు దాచుకున్న బాధ నలుగురి నోట పడితే అది ఎంత బలమవుతుందో ఆ తల్లులు చూపించారు. రంది విషయంలోనూ మనకు కావలసింది అటువంటి చదువే.

ఆ చదువులో చెప్పవలసిన సంగతులు చాలా చిన్నవి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, ఊరికే ఏడుపు రావడం, నా వల్ల ఇంటికి బరువే అని పదేపదే అనడం, ఇవి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. మనవాళ్ళు చాలామంది దిగులుగా ఉందని చెప్పరు. తల దిమ్ముగా ఉంది, ఒళ్ళు మంటలు, గుండె దడ, కాళ్ళు లాగుతున్నాయి అని చెబుతారు. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకొని, గ్లూకోజు ఎక్కించుకొని వేలు పోగొట్టుకుంటారు. అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

మరొక అపోహ కూడా పోగొట్టాలి. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాము. అది నిజం కాదని వైద్యులు చెబుతున్నారు. నెమ్మదిగా, చాటున కూర్చొని అడిగితే మనిషి గుండె బరువు దిగుతుంది. అవునని చెబితే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందు అక్కడి నుంచి తీసివేయాలి. అదే రోజు ఆసుపత్రికి తోడు పోవాలి.

అనుభవాలు చెబుతున్నది

ఇదంతా జరిగేపనేనా అని అడిగేవారు కొన్ని అనుభవాలు తెలుసుకోవాలి. పత్తి రైతుల చావులకు పేరుపడిన విదర్భలో, అమరావతి జిల్లాలోని 30 గ్రామాల్లో ఒక కార్యక్రమం నడిచింది. ఊరివారికే తర్ఫీదు ఇచ్చి ఇంటింటికీ పంపారు. మొదట్లో కుంగుబాటు ఉన్న వందమందిలో వైద్యం దాకా వెళ్ళినవారు నలుగురు. ఏడాదిన్నరకు అది 27 మంది అయింది. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు ఇటువంటి జబ్బును గుర్తుపట్టే పని నేర్పారు. జబ్బు అంటే సిగ్గు పోయేటట్టు నాటకాలు ఆడించారు. ఇవి మన జిల్లాల్లో, మన కూలి కుటుంబాల ఆడవాళ్ళు చేసిన పనులే.

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశపు కథ మరీ ముచ్చటైనది. ఆ దేశంలో మనోవైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. 2006లో హరారే నగరపు పేదల వాడ ఒకదానిలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు ఆ వాడలోని అవ్వలనే పిలిచి తర్ఫీదు ఇచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో ఒక చెక్క బెంచీ వేశారు. బాధపడే మనిషి వచ్చి ఆ బెంచీ మీద అవ్వ పక్కన కూర్చుంటాడు. అవ్వ వింటుంది, ఉన్న కష్టాల్లో మొదట దేన్ని పరిష్కరించుకోవచ్చో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. 2016లో వెలువడిన పరిశోధనలో ఆ బెంచీ మీద కూర్చున్నవారు మామూలు వైద్యం పొందినవారికన్నా బాగా కోలుకున్నట్టు తేలింది. అక్కడివారు ఈ జబ్బును 'అతిగా ఆలోచించడం' అంటారట. మనవాళ్ళు "ఆలోచనలు ఎక్కువైనయ్" అన్నట్టే. మనకు ప్రతి ఊళ్ళో రచ్చబండ ఉంది, వేపచెట్టు కింద అరుగు ఉంది. పక్కన కూర్చొని వినే మనిషిని మాత్రం మనం తయారు చేసుకోలేదు.

మరొక అనుభవం మన దగ్గరిదే. వికారాబాద్ జిల్లాలో 2017లో కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ మొదలయింది. ఫోను చేసిన రైతుకు ధైర్యం చెప్పి ఊరుకోకుండా, పాసు పుస్తకం సమస్య అయినా, బ్యాంకు అప్పు అయినా, ఆ కాగితం ఏ ఆఫీసులో ఆగిందో వెంటపడి చూశారు. ఓదార్పు మాట ఒక చేత్తో, పని మరో చేత్తో జరగాలి. సంఘం అన్నది ఉన్నదే అందుకు కదా.

సంఘాలు చేయవలసిన పని

ఆ మరణం తరువాత మా దగ్గర ఒక ఏర్పాటు చేసుకున్నాము. వరసగా రెండు సమావేశాలకు రాని సభ్యుని ఇంటికి ఇద్దరు తప్పక పోవాలి. 'గైర్హాజరు' అని రాసి పుస్తకం మూయడానికి వీల్లేదు. ప్రతి ఊళ్ళో నలుగురు, వారిలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు, ఈ పని చూడాలి. పైన చెప్పిన ఊళ్ళో ఇప్పుడు ఇళ్ళకు పోయే నలుగురిలో మమ్మల్ని నిలదీసిన ఆ చెల్లెలు ఒకరు.

ఈ పని ఎంత కష్టమో కూడా చెప్పాలి. ఒక కూలి కుటుంబంలో బాలింత బిడ్డను దగ్గరకు తీసుకోవడం మానేసింది. గాలి సోకిందని మంత్రగాడి దగ్గరకు తిప్పి, ఉన్న మేకను అమ్మారు. మా కమిటీ ఆడవాళ్ళు నాలుగుసార్లు పోతేగాని అత్త తలుపు తీయలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారు జిల్లా ఆసుపత్రికి పంపారు. పోయిరావడానికి ఇద్దరి కూలి పోయింది, బస్సు ఖర్చు అదనం. మాత్రలు 15 రోజులకే ఇచ్చారు. ఈ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ఎవరూ చెప్పలేదు. గుణం కనిపించగానే డాక్టరును అడగకుండా ఆపేసింది. జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ పోయారు, మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు బిడ్డను చంకనేసుకొని నాట్లకు వస్తున్నది. మంత్రగాడి దగ్గరకు పోవద్దని మేము వాళ్ళతో తగువు పడలేదు. మాత్ర మానవద్దు అని మాత్రం పట్టుబట్టాము.

ఈ పనికి పోయేవారు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మనం డాక్టర్లం కాము. విన్నది ఇంకొకరి చెవిన వేయరాదు. ధైర్యంగా ఉండు అని ఉపన్యాసం ఇవ్వరాదు. ముందు వినాలి. తరువాత ఆ ఇంటి పని ఒకటి అందుకోవాలి. చేను కలుపు పడితే నలుగురు బదులు పనికి పోవాలి. షావుకారు గడువు అడుగుతుంటే సంఘం తరఫున పోయి మాట్లాడాలి. తాగుడు మొదలైతే దాన్నీ జబ్బుగానే చూసి వైద్యానికి తీసుకుపోవాలి. బెల్టు షాపు మీద పోరాటమూ సాగించాలి.

పాలకులను అడగవలసింది

ఇదంతా సంఘాలు చేసుకుంటే పాలకుల బాధ్యత తీరిపోతుందా? తీరదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే వచ్చింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైతే, అందులో ఒకటి మన మెదక్. అయినా 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారనీ, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదనీ తేలింది. ఇన్నేళ్ళ కార్యక్రమానికి ఇదీ ఫలితం.

2017లో చేసి 2018లో అమలుకు తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మంచి మాటలే చెబుతోంది. వైద్యం పొందడం పౌరుని హక్కు అంటుంది. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవారికి ఉచితంగా ఇవ్వాలంటుంది. రోగిని గొలుసులతో కట్టడం నేరమంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాక అంటుకొని, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది రోగులు కాలిపోయిన ఘోరం మనం మరచిపోరాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడుగా భావించి ఆదుకోవాలని కూడా ఆ చట్టం చెప్పింది. ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమలైన న్యాయ సంహితలోకి రాలేదు. ఈ సంగతి ఊళ్ళో చాటింపు వేయాలి. ఎందుకంటే కేసు అవుతుందని భయపడి, కొన ఊపిరితో ఉన్న మనిషిని ఇంటనే దాచుకొనే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

పురుగుమందుల సంగతి వేరే చెప్పాలి. శ్రీలంక ప్రభుత్వం 1995 నుంచి అతి ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. తరువాత 20 ఏళ్ళలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 70 శాతం తగ్గింది. అదే దేశంలో ఇంటింటికీ తాళం పెట్టెలు పంచి చూశారు. పెట్టెల వల్ల పెద్దగా ఫలితం లేదని 2017లో తేలింది. పేదవాని ఇంటికి తాళం వేస్తే సరిపోదు, కంపెనీ దుకాణానికి తాళం పడాలి అన్నది ఇందులోని నీతి. పైగా ఆ విషాన్ని చేతులకు తొడుగు కూడా లేకుండా రోజంతా చల్లేది మన కూలీలే.

కనుక మేము డిమాండు చేస్తున్నది ఇది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ జబ్బులకు మందులు నెలకు సరిపడా ఉండాలి. అక్కడి డాక్టరుకు, నర్సుకు, ఆశా కార్యకర్తకు తర్ఫీదు ఇవ్వాలి. ఆశాలకు ఈ అదనపు పనికి అదనపు వేతనం ఇవ్వాలి. జిల్లా మనోవైద్యుడు నెలకొకసారి మండలానికి రావాలి. ఆత్మహత్య పరిహారంలో కౌలు రైతునూ, వ్యవసాయ కూలినీ చేర్చాలి. ప్రాణాంతకమైన పురుగుమందులను నిషేధించాలి. అన్నిటికీ మూలమైన అప్పు, ధర, కౌలు హక్కు, కూలి రేటు, వీటి మీద మా పోరాటం ఎప్పటిలాగే సాగుతుంది.

ఈ లోపు ప్రతి సంఘ కార్యాలయం గోడ మీద, పాల కేంద్రం మీద, ఎరువుల దుకాణం ఎదుట ఒక నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి: 14416. ఇది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ ఫోను. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది.

గ్రామ కమిటీలకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఈ వారం సమావేశం పెట్టినప్పుడు హాజరు పట్టీ తీయండి. రాని వారెవరో చూడండి. ఎజెండాలో మొదటి అంశం చర్చించే ముందు, ఆ ఇళ్ళకు ఇద్దరిని పంపండి.